పడవ మోటారును ఒడ్డుకు చేర్చుట



తెరచాప పడవను గురించి మాటాడువాడు గాలిని గురించియో, వెన్నెలను గురించియో చెప్పునని మీరు ఎదురుచూచుట సహజము. నేను చెప్పబోవు విషయము అంత సొగసైనది కాదు. చిన్న పడవ వెనుక పలకకు బిగించిన బరువైన మోటారును విప్పి, మనుష్యులకు గాని మోటారుకు గాని దెబ్బ తగులకుండ ఒడ్డుకు చేర్చుట ఎట్లు? ఇదియే నేటి ప్రసంగము. పడవలు లేనివారు కూడ దీనిని వినవచ్చును. ఇరుకైన మేడమెట్లమీద బీరువా మోసినవారందరకును ఇందులో తమ అనుభవము కొంత కనిపించును.

నేను కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. మీట, కప్పీ, బలము, ప్రతిబలము అను మాటలను ముప్పది సంవత్సరములు నల్లబల్లమీద వ్రాసినాను. అయినను 2014 అక్టోబరు 11వ తేదీ సాయంకాలము కాకినాడ ఉప్పుటేటి రేవులో నేను చేసిన పని చూచినవారు, ఈయన ఆ పాఠములు ఎన్నడును వినియుండడని అనుకొనియుందురు. ఆ కథకు తరువాత వచ్చెదను. ముందుగా, తెరచాప ఉన్న పడవకు మోటారు ఎందుకో చెప్పవలెను.

కాకినాడకు ఎదురుగా హోప్ దీవి ఉన్నది. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను, ఒండ్రును సముద్రపు అలలు ఉత్తరముగా ఈడ్చి పేర్చగా ఏర్పడిన పొడవైన ఇసుకదిబ్బ అది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున అది అడ్డుగా నిలిచియుండుటచే వెనుకనున్న అఖాతము తక్కిన తీరముకంటె నెమ్మదిగా ఉండును. నాకును నా మిత్రునకును ఉమ్మడిగా ఉన్న పదునెనిమిది అడుగుల కొయ్యపడవకు ఆ మాత్రపు సముద్రము చాలును. తెల్లవారుజామున నేలమీదినుండి వీచు గాలితో బయలుదేరి, మధ్యాహ్నము సముద్రముమీదినుండి వచ్చు గాలితో ఇల్లు చేరుట మా అలవాటు. కాని ఈ రెండు గాలులకు నడుమ ఏ గాలియు లేని వేళ యొకటి ఉన్నది. అప్పుడు తెరచాప తడిసిన దుప్పటివలె వ్రేలాడును. అదిగాక, రేవు చేరవలెనన్న ఇరుకైన ఉప్పుటేటిలోనికి రావలెను. అక్కడ ఇరువైపుల పడవలు కట్టియుండగా తెరచాప మార్చి మార్చి త్రిప్పుటకు చోటు దొరకదు. తెడ్డు వేయుటకు మా వయస్సు ఒప్పుకొనదు. అందుచేత మోటారు.

పడవ వెలుపల తగిలించు ఈ మోటారును అమ్మకమునకు తగిన వస్తువుగా చేసినవారిలో ముఖ్యుడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికాకు వలసపోయినవాడు. మిల్వాకీ నగరములో 1909లో అతడు అమ్మకమునకు పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర గుఱ్ఱములు. బరువు 62 పౌనులు, అనగా సుమారు 28 కిలోలు. ప్రియురాలికై ఐస్‌క్రీము తెచ్చుటకు ఎండలో సరస్సుకడ్డముగా తెడ్డు వేసి వచ్చుసరికి అది కరగిపోయినదనియు, ఆ విసుగునుండియే ఈ యంత్రము పుట్టినదనియు ఒక కథ చెప్పుదురు. కథలో నిజమెంతయో గాని, తెడ్డు వేసినవాని విసుగు మాత్రము నిజమే. ఆ తరువాత ఇనుమునకు బదులు అల్యూమినియము వచ్చినది, బరువు తగ్గినది. కాని తగ్గిన మేరకు మనము శక్తిని పెంచుకొంటిమి. నేడు రెండున్నర గుఱ్ఱముల మోటారు 17, 18 కిలోలు ఉండును. అయిదారు గుఱ్ఱములది 25 కిలోలు దాటును. పది గుఱ్ఱములకు దగ్గరగా ఉన్నది 40 కిలోల మాట. మాది ఈ చివరి తరగతికి చెందినది. మా పడవకు అంత శక్తి అక్కరలేదు. చవుకగా వచ్చినదని కొన్నాము. చవుక ఎవరి నడుముమీద పడునో కొన్ననాడు ఆలోచింపలేదు.

తెరచాప పడవ మోటారుకు మరొక చిక్కు కలదు. అలలలో పడవ వెనుకభాగము పైకి లేచినపుడు మోటారు పంకా నీటినుండి బయటపడకుండుటకై దాని కాలు పొడవుగా ఉండవలెను. కాలు పొడవైనకొద్ది బరువును పెరుగును, పట్టుకొనుటకును ఇబ్బంది. తల బరువై, కాలు పొడవై, చేతికి అందునట్టి పిడి సరియైన చోట లేని వస్తువును మీరు ఊహించుకొనుడు. నిద్రపోవు పసివానిని ఎత్తుట సులభము. అలిగి బిగదీసికొన్నవానిని ఎత్తుట కష్టము. మోటారు ఎప్పుడును అలిగియే ఉండును.

అట్లయిన దానిని పడవమీదనే ఉంచరాదా అని అడుగవచ్చును. ఉంచరాదు. రేవులో వదలిన మోటారుకు దొంగల భయము ఉన్నది. ఉప్పునీటికి బిగింపు మరలు తుప్పుపట్టి పలకకు అంటుకొనిపోవును. మన తూర్పుతీరమున ఏటేటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, యంత్రపు పడవల వేటను నిషేధింతురు. ఆ 61 దినములలో ఇంజనులు విప్పి బాగుచేయించుకొనుట మత్స్యకారులకు వాడుక. వీటన్నిటికంటెను ముఖ్యమైనది తుపాను. తుపాను వచ్చునని తెలిసినప్పుడు పడవనుండి మొదట ఒడ్డుకు చేరవలసినది మోటారే. మాకు అది వేడుక వస్తువు. పక్క పడవవానికి అది ఇంటిల్లిపాది అన్నము.

2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినది. అక్టోబరు 12వ తేదీన అది విశాఖపట్నమువద్ద తీరము దాటినది గాని, ముందటి దినము కాకినాడలో కూడ అందరును భయముతోనే ఉన్నారు. హెచ్చరికలు చాల ముందే వచ్చినవి. నేనును నా మిత్రుడును రేపు చూతములే అని కాలక్షేపము చేసి, 11వ తేదీ సాయంకాలము జల్లు మొదలైన తరువాత రేవు చేరినాము. పున్నమి వెళ్ళి మూడు దినములైనది. ఏరు బాగుగా తీసియున్నది. ఉదయము రేవు అంచుతో సమముగా ఉండు మా పడవ మీటరుకు మించి క్రింద ఉన్నది. మేము ఈ విషయమును చూచినాము. కాని దానిని గురించి ఆలోచింపలేదు. చూచుట వేరు, ఆలోచించుట వేరు అని నేనే విద్యార్థులతో అనుచుండెడివాడను.

నేను వెలుగు పోకముందే పని ముగియవలెనని తొందరపడి బిగింపు మరలు రెండును ముందుగా విప్పివేసితిని. తాడు కట్టలేదు. నేను రేవుమీదికి ఎక్కి, మోకాళ్ళమీద వంగి చేతులు చాచితిని. నా మిత్రుడు పడవ వెనుక అంచున నిలిచి మోటారును కౌగిలించుకొన్నాడు. ఎత్తమని నేనే కేక వేసితిని. ఆ మాట ఇప్పటికిని నా చెవిలో ఉన్నది.

అతడు ఎత్తగానే పడవ వెనుకభాగము క్రుంగినది. మోటారును నావైపు త్రోయగానే పడవ ఏటివైపు జరిగినది. నా చేతికి మోటారు పైమూత మాత్రము అందినది. దానిని గట్టిగా పట్టుకొని లాగితిని. మూతను నిలిపి ఉంచు కొక్కెము మూత బరువును ఓర్చుటకే గాని మోటారు బరువును ఓర్చుటకు కాదు. మూత ఊడి నా చేతిలోనికి వచ్చినది. 40 కిలోలును ఒక్కసారిగా అతనిమీద పడినవి. అతడు పక్కకు మెలితిరిగి, పడవ అంచుమీద నడుము తగిలి కూలబడినాడు. మోటారు ఏటిలోనికి పోయినది. నేను మూత పట్టుకొని వాననీటిలో కూర్చుంటిని.

ఆ రాత్రి అతనిని ఇంటికి చేర్చుట మోటారును చేర్చుటకంటె కష్టమైనది. వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళ జారినదని వైద్యులు చెప్పినారు. మూడు నెలలు మంచముపట్టినాడు. నేటికిని వంగి చెంబు తీయవలెనన్న ఒక చేత గోడ పట్టుకొనును. నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియున్న బాగుండెడిది.

తరువాత ఆ సాయంకాలమును కాగితముమీద పెట్టి లెక్క వేసితిని. 40 కిలోల బరువును నడుమునకు అరమీటరు ఎదుటగా పట్టుకొన్నామనుకొనుడు. దానిని నిలువరించు వెన్నుకండరములు పూసలకు సుమారు 5 సెంటీమీటర్ల దూరములో పనిచేయును. అరమీటరు అనగా దానికి పదిరెట్లు. మీట సూత్రము ప్రకారము కండరములు 400 కిలోల బలముతో లాగవలెను. ఆ నొక్కుడు అంతయు పూసలమీద పడును. ఇది మనిషి కదలక, మెలితిరుగక, గట్టినేలమీద నిలిచినపుడు. మా మిత్రుడు నిలిచినది గట్టినేలమీద కాదు. అందుచేత పదిమంది బలవంతులను తెచ్చినను చిన్న పడవలో ప్రయోజనము లేదు. బలవంతుడెంత బరువున్నవాడో పడవ అంచు అంత క్రుంగును. బరువును చేతులతో ఎత్తకుండుట ఎట్లు అన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు పుస్తకములలో దొరకకముందు రేవులోనే దొరికినది. తుపాను పోయిన మూడవనాడు, ఏరు తీసిన వేళ, ఒక వృద్ధ మత్స్యకారుడు బావిలో చేదలు తీయు పాతాళగరిగె వంటి దానితో అడుగు దేవి మా మోటారును పైకి లాగినాడు. డబ్బు ఇయ్యబోగా తీసికొనలేదు. ఒక్క మాట అన్నాడు. "తాడు కట్టని ఇంజను ఏటిదండి బాబూ, మనది కాదు." తమవారు ఎట్లు చేయుదురో చూడుమని సముద్రపుటొడ్డుకు రమ్మన్నాడు. పోయి చూచితిని. తెప్ప ఇసుకకు తగిలిన వెంటనే ఒకడు ఇంజను మెడకు ఉచ్చు వేసినాడు. ఉచ్చులోనికి ఒక వెదురుబొంగు దూర్చినారు. ఇద్దరు దానిని చెరియొక వైపు భుజమునకెత్తుకొనిన తరువాతనే మూడవవాడు మరలు విప్పినాడు. మర వదలిన క్షణమున ఇంజను క్రిందికి జారలేదు, ఊగలేదు. అది అప్పటికే బొంగుమీద ఉన్నది. బరువు ఇద్దరి భుజములనుండి తిన్నగా కాళ్ళలోనికి దిగినది. నడుము వంచినవాడు ఒక్కడును లేడు. ముప్పది సంవత్సరములు నేను చెప్పిన పాఠమును ముగ్గురు రెండు నిమిషములలో చేసి చూపినారు.

ఇక మేమిప్పుడు చేయు పద్ధతి చెప్పెదను. మొదటిది, పోటు కొరకు వేచియుండుట. మన తీరమున సుమారు 12 గంటల 25 నిమిషములకొకసారి పోటు వచ్చును. పున్నమి, అమావాస్యల దినములలో నీరు ఒక మీటరుకు పైగా పెరుగును. పడవను, మోటారును, మనలను కూడ సముద్రమే అంత ఎత్తునకు ఎత్తి రేవు అంచున నిలుపును, కూలి అడుగదు. తుపాను వేళ వేచియుండ వీలులేదందురా, అందుకే ముందుదినము ఉదయపు పోటులో పని ముగింపవలెను. మేము చేయనిది అదే.

పడవను ముందు వెనుకల రెండు తాళ్ళతో రేవునకు దగ్గరగా బిగించి, మధ్య పాత టైరు వ్రేలాడదీయుదుము. పడవ ఏటివైపు జరుగుటకు ఇక వీలుండదు. పెట్రోలు గొట్టమును విప్పి, కార్బురేటరులో మిగిలిన పెట్రోలును కూడ దింపివేయుదుము. తరువాత మోటారు మెడకు, అనగా మూతకు దిగువను, బిగింపు చట్రమునకు దగ్గరగాను గట్టితాడు వేయుదుము. కొన్ని మోటారులకు ఎత్తుటకై కడియము ఉండును. ఉన్నచో అదియే మేలు. మూతను మాత్రము తాకము. ఈ తాడు గాక మరి రెండు కాపు తాళ్ళు కట్టుదుము. ఒకటి పడవకు, ఒకటి రేవుమీది గుంజకు. ఎత్తుతాడు తెగినను మోటారు ఏటిపాలు కాదు. మోటారు పూర్తిగా రేవుమీద కూర్చుండువరకు పడవ తాడు విప్పము. ఇంటికి పోవు బండి ఎక్కువరకు రేవు తాడు విప్పము.

ఎత్తుట తెరచాప కొయ్య పని. నిలువు కొయ్యకు పాదమువద్ద అతికి, తెరచాప అడుగును పట్టియుండి, అటునిటు తిరుగు అడ్డకొయ్య మా పడవకు ఉన్నది. దాని కొస మోటారుకు సరిగా పైకి వచ్చును. రానివారు కొయ్యను నమ్ముకొనరాదు. వారికి వెదురుబొంగే దిక్కు. ఈ అడ్డకొయ్య కొసను తెరచాప ఎత్తు మోకుతో నిలువు కొయ్య చివరకు వ్రేలాడదీసి, కొసనుండి నాలుగు పాయల కప్పీ దింపుదుము. నాలుగు పాయలు బరువును పంచుకొనును గనుక 40 కిలోలకు చేతి లాగుడు 10 కిలోలు, రాపిడికి మరికొంత. అందుకు ప్రతిగా మోటారు ఒక మీటరు లేచుటకు తాడు నాలుగు మీటర్లు లాగవలెను. ప్రకృతి ఉచితముగా ఏమియు ఇయ్యదు. కాని ఈ బేరము మనకు లాభమే. ఏలయన లాగువాడు వెనుక అంచున నిలువనక్కరలేదు. పడవ నడుమ కూర్చుండి లాగవచ్చును.

తాడు బిగిసి, బరువు కప్పీమీదికి వచ్చినదని తెలిసిన తరువాతనే మరలు విప్పవలెను. ఒకటి పూర్తిగా విప్పి రెండవదానికి పోరాదు. ఒకదానిని కొంత, రెండవదానిని కొంత విప్పవలెను. చట్రమునకును పలకకును నడుమ వ్రేళ్ళు పెట్టరాదు. మోటారు పలకను దాటి లేచిన పిమ్మట అడ్డకొయ్యను మెల్లగా రేవువైపు త్రిప్పవలెను. అప్పుడు పడవ ఆ వైపునకు ఒరగును. భయపడనక్కరలేదు, కూర్చున్నవాడు అవతలి వైపునకు జరిగిన చాలును.

ఒడ్డున పెట్టిన వెంటనే మోటారును పడుకోబెట్టరాదు. కొంతసేపు నిలువుగా ఉంచి లోపలి నీరు కారనీయవలెను. తలను కాలికంటె దిగువకు దింపినచో ఆ నీరు ఇంజనులోనికి పోవును. పడుకోబెట్టవలసినపుడు తయారీదారు చూపిన పక్కకే పడుకోబెట్టవలెను. లేకున్న అడుగు నూనె సిలిండరులోనికి దిగును. తరువాత మంచినీటితో లోపలి దారులను కడిగి, మరలకు గ్రీజు పూయవలెను. మునిగిన మోటారు విషయము వేరు. పైకి తీయగానే గాలి తగిలి తుప్పు వేగముగా పట్టును గనుక, మంచినీటితో కడిగి, నీరు కక్కించి, నూనె పోయువాడు సిద్ధముగా ఉన్నపుడే దానిని బయటకు తీయవలెను. మేము మేస్త్రీకొరకు ఒక పూట వెదకితిమి. ఆ ఒక పూటకు మోటారు వెలలో సగము చెల్లించితిమి.

ఆ మోటారునే ఇప్పటికిని వాడుచున్నాము. చిన్నది కొందమని నేనంటిని. నా మిత్రుడు వలదన్నాడు. అతడిప్పుడు పడవలోనికి దిగడు. మోటారు విప్పు దినమున రేవుమీద కుర్చీ వేసికొని కూర్చుండి, రేవు కాపు తాడు కొసను చేతికి చుట్టుకొనక, గుంజకు రెండు చుట్లు వేసి పట్టుకొనును. నేను కప్పీతాడు బిగించి మరపై చేయి వేయగానే పైనుండి అడుగును.

"ముడి చూశావా?"

చూచినానని నేను చెప్పువరకు మర త్రిప్పనీయడు.